చెరిపేయడానికి చెప్పిన మాటలు

పొట్టి వాళ్ళ పిన్నికి నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా అనేది. అంటే అన్నారు గానీ, పాతికేళ్ళపాటు ఒక సంగతిని కడుపులో దాచుకుని ఎక్కడా పొక్కనివ్వని మనిషి గురించి ఆ మాట అనడం ఎంత అన్యాయం! పాపం, వాళ్ళకి మాత్రం ఏం తెలుసు? పిన్ని నోటితో విన్నది ఒక్క పొట్టే, అదీ కాలేజీలో చేసిన ఒక పత్రిక పుణ్యమా అని. ఆ సంగతితో సంబంధం ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు కాబట్టి చెప్పుకోవడంలో తప్పులేదు.

పిన్ని సినిమా పాటలకి ట్రాక్ పాడేది. పాట తయారయ్యే వేళకి పెద్ద గాయకులు దొరకరు కదా, అందాకా ఇంకెవరిచేతనో పాడించి పెట్టుకుంటారు. అదే ట్రాక్. వాద్యాలవాళ్ళు దాన్ని వింటూ వాయిస్తారు, డాన్సు మాస్టరు దానికి అడుగులు కూర్చుకుంటాడు, ఆఖరికి పెద్ద గాయని వచ్చి దాన్నే విని, నేర్చుకుని, తన గొంతుతో పాడిపోతుంది. ఆమె కారెక్కగానే ట్రాక్ చెరిపేస్తారు. అలా చెరిగిపోవడానికే పిన్ని ఇరవై ఏళ్ళకి పైగా పాడింది.

దానికి ఆవిడ బాధపడిందా అంటే, అబ్బే! "ఇల్లు లేచాక పరంజా ఉంచుతారటే? అలాగే ఉంచితే ఇంట్లోకి వెలుతురెలా వస్తుంది?" అనేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే దానికీ సిద్ధంగా జవాబుండేది. "పాడిందల్లా చెరిగిపోయే జాతకం కదండీ, మొగుడు కూడా చెరిగిపోతాడేమోనని వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు!" అడిగినవాళ్ళు నవ్వాలో ఊరుకోవాలో తెలియక మంచినీళ్ళు తాగి లేచేవారు.

పొట్టి డిజైన్ కోర్సు చదవడానికి పిన్ని ఇంటికి వచ్చేసరికి ట్రాక్ పిలుపులు బాగా తగ్గిపోయాయి. పిన్ని కింద వాటాలోని దర్జీ దగ్గర చొక్కాలు తెచ్చుకుని బొత్తాలు కుడుతుండేది. దుకాణం మీద రెండు గదులు. పగలంతా కిందనుంచి కుట్టుమిషన్ల చప్పుడు కాళ్ళకి తగులుతూనే ఉండేది. అన్నట్టు పొట్టి పొట్టిదేం కాదు, క్లాసులో అందరికంటే పొడుగు. చిన్నప్పుడు పెట్టిన పేరు, పిన్ని మార్చనంది, అంతే.

ఆఖరి సంవత్సరం మేడమ్ ఒక పని అప్పగించింది. "కొత్తగా ఒక సంగీత పత్రిక పెడుతున్నామనుకోండి. పేరు దగ్గర్నుంచి వెనకట్ట మీద ప్రకటన దాకా అన్నీ మీరే చెయ్యాలి. ఎవరు చదువుతారో ముందు తేల్చుకోండి, రంగుల సంగతి తర్వాత. ముఖ్య కథనం లేని పత్రిక నా బల్ల మీద పెడితే మాత్రం మళ్ళీ ఏడాది కూడా నా మొహమే చూడాల్సొస్తుంది." ఏడాది మార్కులన్నీ ఆ ఒక్క పనిమీదే.

ఇద్దరిద్దరు చొప్పున జట్టుకట్టమంటే పొట్టికి దొరికినవాడు ఎడిటరుగారు. ఆ పేరు వాడు తనకి తాను పెట్టుకున్నదే. చంకలో ఫైలు, చెవి మీద పెన్సిలు, జేబులో 'సంపాదకుడు' అని అచ్చేయించుకున్న కార్డులు. పత్రికకింకా పేరే లేదు, వీడికి కార్డులు! పేరు కోసం వారం రోజులు కొట్టుకున్నారు. వాడు చెప్పినవన్నీ మందుల షాపు పేర్లలా ఉన్నాయని పొట్టి కొట్టిపారేసింది. చివరికి తనే అంది, "రెండో చరణం అని పెడదాం. పల్లవి అందరికీ వచ్చు, మొదటి చరణం సగంమందికి వచ్చు, రెండో చరణం దగ్గరికొచ్చేసరికి అందరూ లాలలా అంటారు. మన పత్రిక ఆ లాలలా కోసం." ఎడిటరుగారు కాసేపు పెన్సిలు నమిలాడు. తర్వాత ఆ పేరు తనకే తట్టినట్టు ఊరంతా చెప్పుకున్నాడు.

ముప్ఫై రెండు పేజీల పత్రిక. ముప్ఫై రెండు గళ్ళు గీసిన పెద్ద కాగితాన్ని పిన్ని గదిలో గోడకి దర్జీ గుండుసూదులతో గుచ్చారు. ఏ పేజీలో ఏం రావాలో ఆ గళ్ళలో రాసుకున్నారు. అట్ట, విషయసూచిక, ఉత్తరాలు, పాత వాద్యాలు బాగుచేసేవాళ్ళ గురించి నాలుగు పేజీలు, మధ్యలో ఆరు పేజీలు ముఖ్య కథనం. ఆ ఆరూ పెద్ద గాయనితో ముఖాముఖి. ఆవిణ్ణి ఆరునూరైనా తను పట్టుకొస్తానని ఎడిటరుగారు చేతిలో చెయ్యేసి చెప్పాడు.

వ్యాసాలు వచ్చేలోగా పేజీలు కూర్చి చూసుకోవాలి. ఇంగ్లీషు పత్రికలు చేసేవాళ్ళకి హాయి, అర్థంపర్థం లేని నింపుడు మాటలు ఎక్కడబడితే అక్కడ దొరుకుతాయి, తెచ్చి పోసుకోవడమే. అవి మన అక్షరాలకి పనికొస్తాయా? మనకి కింద వత్తులు, పైన గుడులు. పై వరస వత్తు వచ్చి కింది వరస గుడి నెత్తిన కూర్చుంటుంది. ఎంత ఎడం వదలాలో తెలియాలంటే నిఖార్సయిన తెలుగు కావాలి, అదీ బోలెడు కావాలి. పొట్టి ఒకే వాక్యాన్ని పేజీ నిండా అతికించి చూసింది. కళ్ళు తిరిగాయి. ఎదురుగా చూస్తే పిన్ని, చేతిలో చొక్కా, నోట్లో దారం.

"పిన్నీ, ఏదో ఒకటి మాట్లాడు."

"ఏం మాట్లాడనే?"

"ఏదైనా సరే. నువ్వు చెబుతుంటే టైపు చేస్తా. వరసలు నింపుకోవాలి. అసలు వ్యాసం వచ్చాక నీ మాటలు తీసేస్తా."

పిన్ని సూది ఆపింది. "తీసేస్తావా? మొత్తమా?"

"ఒక్క ముక్క ఉంచను."

"ట్రాక్ అన్నమాట!" పిన్ని మొహం చింకి చాటంతయింది. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ! అందులో నన్ను మించినవాళ్ళెవరే?"

ఇక చూడండి. విషయసూచిక పేజీ నిండా ఎదురింటివాళ్ళ తగువు. ఉత్తరాల పేజీ నిండా పిన్నికి వచ్చిన కలలు. "వత్తులు చాల్లేదు పిన్నీ, ఇంకాస్త దట్టించు" అని పొట్టి అడగడమే ఆలస్యం, "ఇంద పట్టు! కింద దర్జీ గుడ్డముక్క దగ్గర కక్కుర్తిపడి కొత్తల్లుడి చొక్కా ఇక్కడికీ అక్కడికీ కాకుండా కత్తిరించాడు, అత్తా అల్లుడూ వచ్చి దుకాణం ముందు ఒక్కటే రచ్చ, దర్జీ గుక్కపట్టి ఏడుస్తున్నాడు" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. పొట్టి నవ్వలేక డొక్కలు పట్టుకునేది. టైపు చేస్తూ నవ్వడం, నవ్వుతూ చెరపడం, మళ్ళీ చెప్పించుకోవడం. ఇప్పుడు పొట్టి పెద్ద ఆఫీసులో పేజీలు కూరుస్తోంది. నింపుడు మాటలు ఎన్ని కావాలంటే అన్ని యంత్రమే పోసిపెడుతుంది. అయినా పొట్టి ఇప్పటికీ ఆ రెండు గదులే తలుచుకుంటుంది.

ఒక మధ్యాహ్నం మధ్య పేజీల దగ్గరికి వచ్చారు. "ఈ ఆరూ ఎవరివే?" అని అడిగింది పిన్ని. పెద్ద గాయనివని పొట్టి చెప్పింది. పిన్ని సూదిలోకి దారం ఎక్కించింది. రెండు బొత్తాలు కుట్టింది. దారం కొరికింది. అప్పుడు తలెత్తకుండానే, "రాసుకో" అంది.

"పాతికేళ్ళయింది. ఒక పాటకి ట్రాక్ పాడాను. రెండు చరణాల మధ్య మాటల్లేని ఆలాపన ఉంది. ఆ వేళ గొంతు నా మాట భలే విందే, ఏమొచ్చిందో నాకే తెలీదు. పెద్దావిడ వచ్చి పల్లవీ చరణాలూ పాడి, ఆలాపన రేపు పాడతానని వెళ్ళింది. ఆ రేపు రానేలేదు. ఆలాపన తీసేసి వేణువు పెట్టెయ్యమన్నారట. పాట బయటికొచ్చింది. రోడ్డు మీద నడుస్తున్నా, ఏదో కొట్లో రేడియోలో వస్తోంది. రెండో చరణం ముందు వేణువు లేదు. నేనున్నాను. ఉన్నచోటే నిలబడిపోయాననుకో. పెద్దావిడ ఎంత బాగా తీసిందోనని పక్కనెవరో అంటున్నారు.

"ఆ గదిలో అద్దం అవతల కూర్చునేవాడు సౌండు ఇంజినీరు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేను తప్పు లేకుండా పాడినా 'ఇంకోసారి' అనేవాడు. ఎందుకంటే చెప్పేవాడు కాదు. వినాలనిపించిందేమో అనుకునేదాన్ని, అంతలోకే నా తలకాయ్ అనుకునేదాన్ని. చెరపాల్సింది ఆయనే. మరి చెరపడం మర్చిపోయాడా, కావాలనే ఉంచేశాడా? నేనడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎన్నో పాడాను ఆ గదిలో. అద్దానికి అటాయన, ఇటు నేను. అంతే."

పొట్టి చేతులు ఆగిపోయాయి. పిన్ని గొంతు మామూలుగానే ఉంది గానీ చొక్కా మాత్రం తలకిందులుగా పట్టుకుని ఉంది. "అయిందా ఆరు పేజీలూ? ఇది చెరిపేస్తావుగా?" అంది. "ఒట్టు పిన్నీ" అంది పొట్టి.

పత్రిక ఇవ్వాల్సిన గడువు రెండు రోజుల్లో ఉందనగా ఎడిటరుగారు కాలేజీ వరండాలోకి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. పెద్ద గాయనికి గొంతు బాగోలేదట, ఎవరితోనూ మాట్లాడదట, ఇంకెప్పుడైనా చూద్దామన్నారట. పొట్టి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. వాడేమో ఓదార్పుకి అన్నట్టు ఆమె ఒళ్ళోని పత్రిక నమూనా లాక్కుని మధ్య పేజీలు తిప్పాడు. చదివాడు. చెవి మీద పెన్సిలు జారి కింద పడ్డా చూసుకోలేదు.

"పొట్టీ, ఇదెవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. నింపుడు. ఇలా ఇచ్చెయ్."

"నింపుడా! నీ మొహం! ఇదే ముఖ్య కథనం. ఇంతకంటే గొప్పది ఈ ఊళ్ళో ఎవడైనా రాస్తే నా కార్డులు నేనే నమిలి మింగుతా."

"ఒట్టేశాను, తీసేస్తానని."

"పాట పేరు లేదు, మనిషి పేరు లేదు. ఎవరు గుర్తుపడతారు?"

"ఆ ఆలాపన తెలియనివాళ్ళెవర్రా? నువ్వు గుర్తుపట్టలేదూ?"

వాడు వంగి కింద పడ్డ పెన్సిలు తీసుకున్నాడు. గుర్తుపట్టాడు మరి.

పొట్టికి ఆశ లేదని చెబితే అబద్ధం. ఆ ఆరు పేజీలు ఆమె చేతిమీదుగా వచ్చినవాటిలోకెల్లా అందమైనవి. ఏ మాట ఎక్కడ విరగాలో అక్కడే వరస విరిగింది. పైగా అవి లేకపోతే ఏడాది గోవిందా. అయినా ఒట్టు తన నోటితో వేసింది, అడక్కుండా అచ్చు వెయ్యడానికి మనసొప్పలేదు. ఇంటికెళ్ళి, పిన్ని కాళ్ళ దగ్గర కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. మేడమ్ షరతు కూడా చెప్పింది. చెప్పి, "ఉంచుకోనా పిన్నీ?" అంది.

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి!

"పెద్దావిణ్ణి చూసి భయం కాదే," అంది చివరికి. "ఇది అచ్చయితే ఎవరో ఒకరు వెళ్ళి ఆయన్ని అడుగుతారు. ఆయన జవాబు చెబుతాడు. 'మర్చిపోయానండీ' అంటాడనుకో. ఇన్నేళ్ళుగా నేను పెట్టుకున్నదంతా ఆ ఒక్క ముక్కతో పోతుంది. నాకు తెలియకపోవడమే బాగుంది. దాంతోనే బతికాను, నన్నిలా ఉండనియ్యి."

పొట్టి సరేనంది. ఏడుపు మాత్రం ఆగలేదు. అది చూసి పిన్ని ఒళ్ళోని చొక్కా విదిలించి లేచింది. "ఏడుపెందుకే పిచ్చిమొహమా? నీకు ఆరు పేజీలేగా కావాలి? ట్రాక్ పాడటమంటే ఏంటో, ఆ పని ఎలా ఉంటుందో చెబుతా. నా పేరు కూడా వేసుకో. ఇది చెరపక్కర్లేదు, రాసుకో!"

మంచినీళ్ళు తాగింది. గొంతు సవరించుకుంది. జుట్టు కూడా సరిచేసుకుంది, ఎవరో ఫొటో తీస్తున్నట్టు. "సంగీతము అనునది ఒక మహాసముద్రము" అని మొదలుపెట్టింది.

"పిన్నీ!"

"ఏం, బాగాలేదూ? పోనీ, కళామతల్లి సేవలో నేను..."

"ఎప్పట్లా మాట్లాడు పిన్నీ. దర్జీని తిట్టినట్టు మాట్లాడు."

"ఎలా మాట్లాడతానే? ఉండిపోతుందిగా!"

ఎన్నిసార్లు చెప్పించినా అదే వరస. చెరిగిపోతుందంటే ఏటిలా పారిన మనిషి, నిలిచిపోతుందనగానే బిగుసుకుపోయింది. పాడిన రోజుల్లో చెరపకుండా ఉంచే అసలు పాట ఒక్కటైనా ఈవిడచేత పాడించి ఉంటే ఎలా ఉండేదోనని పొట్టికి అప్పుడు అనుమానం వచ్చింది. ఆ అనుమానం వచ్చినందుకు తనమీద తనకే కోపం కూడా వచ్చింది. పాత మాటలు మొత్తం తెర మీద ఎంచుకుని, చెరిపే మీట మీద వేలు పెట్టి, కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత నొక్కింది. ఆరు పేజీలూ తెల్లబడ్డాయి. వాటిలో మహాసముద్రం పోసింది.

పత్రికలన్నీ కాలేజీ హాల్లో బల్లల మీద పరిచారు. మేడమ్ 'రెండో చరణం' మొదట్నుంచి చివరిదాకా తిప్పింది. "పేరు బాగుంది. పేజీల కూర్పు హాయిగా ఉంది, అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కుకోవడం లేదు. ముఖ్య కథనం మాత్రం ఉపన్యాసంలా చప్పగా ఉందమ్మా" అంది. మార్కులు అత్తెసరుగా వచ్చాయి, గట్టెక్కారు. ఎడిటరుగారు పళ్ళు నూరాడు గానీ, చెప్పుకోవాలి, ఆ సంగతి ఈనాటివరకూ ఒక్కరి దగ్గరా ఎత్తలేదు. కార్డులవాడే అయినా మాట కడుపులో దాచుకోగల మనిషి.

పత్రికలు పరిచిన రోజు సాయంత్రం హాలు పలచబడ్డాక కర్ర పొడుచుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. పాత రికార్డింగు గదులవాళ్ళందరికీ ఎడిటరుగారు ఆహ్వానాలు పంపాడులెండి, వచ్చింది ఈయనొక్కడే. మధ్య పేజీలు తీసి, పిన్ని పేరు దగ్గర ఆగి, కుర్చీ లాక్కుని ఆరు పేజీలూ చదివాడు.

"ఇది ఆవిడ మాట కాదే," అన్నాడు. "ఆవిడ ఇలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నువ్వేమవుతావమ్మా ఆవిడకి?"

"అక్క కూతుర్నండీ. మీరు?"

"అద్దం వెనకాల కూర్చునేవాణ్ణి."

 పెద్దాయన పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతున్నాడు, ఏదో వెతుకుతున్నట్టు. "ఆ ఆలాపన సంగతి చెప్పలేదా?"

"ఏ ఆలాపనండీ?" అంది పొట్టి. ఒట్టు ఒట్టే కదా.

"తీసెయ్యమన్నారు. తీసేశానని చెప్పాను. చెయ్యి రాలేదమ్మా. ఉద్యోగం పోయినా సరేననుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. ఆవిడ కనిపెట్టే ఉంటుంది, కోపం వచ్చిందేమో, ఎన్నడూ ఎత్తలేదు. ఆవిణ్ణి అడక్కుండా ఉంచాను కదా. నేనూ ఎత్తలేదు." పత్రిక మూసి, బల్ల మీద సరిగ్గా సర్దాడు. "చెప్తే చెప్పు, లేకపోతే లేదు. నీ ఇష్టం."

ఇల్లు చేరేదాకా పొట్టికి ఒళ్ళు తెలియలేదు. పాతికేళ్ళ ప్రశ్నకి జవాబు తన దగ్గరుంది. అది వినకుండా ఉండనిమ్మన్న మనిషి మేడమీద తన కోసం ఎదురుచూస్తోంది. మెట్ల దగ్గర రెండుసార్లు ఆగింది. చెబితే పిన్ని సంతోషిస్తుంది, నిజమే. వద్దని తన నోటితో అన్న మాట సంగతేంటి మరి? ఏదీ తేలకుండానే తలుపు తోసింది.

"ఎవరెవరొచ్చారే?" అంది పిన్ని.

"చాలామంది వచ్చారు పిన్నీ." మాట మామూలుగా రావాలని చూసింది. "ఒకాయన కర్ర పట్టుకుని వచ్చారు. నీ పేజీలు చదివారు."

బతుకంతా వినడమే పనిగా బతికిన మనిషి. ఆ గొంతులో ఏముందో ఆవిడకి వేరే చెప్పాలా? పిన్ని మెల్లిగా మంచం మీద కూర్చుంది.

"ఏదైనా అన్నాడా?"

"అన్నారు."

"అది నేను విన్నాననుకో, బాగుంటుందా, బాగోదా?"

"బాగుంటుంది పిన్నీ."

పిన్ని కళ్ళు మూసుకుంది. పొట్టి చెప్పబోయింది. పిన్ని చెయ్యెత్తి ఆపింది.

"వద్దు. చాలు. అంతవరకు చాలు." కాసేపటికి కళ్ళు తెరిచి, "జుట్టుందా ఇంకా ఆయనకి?" అంది.

"ఒక్క వెంట్రుక కూడా లేదు పిన్నీ."

పిన్ని పకపకా నవ్వింది. "అప్పట్లో ఎంత దువ్వుకునేవాడనుకున్నావే!" అంటూ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆగిపోయాక కూడా పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. పొట్టి వెళ్ళి పక్కన కూర్చుంది.